మీటరు చదువుదాం – పైసలు మిగిల్చుకుందాం

కోరుట్లలో ఒక ఇంటి అరుగు. అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు. ఒక్కొక్కరి ఒళ్ళో ఒక చాట. చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకు, దారం ఉన్నాయి. చేతులు బీడీలు చుడుతున్నాయి. నోళ్ళు ముచ్చట పెడుతున్నాయి.

కరెంటు బిల్లు కొట్టే అబ్బాయి వచ్చాడు. మీటరు చూశాడు. మిషన్ నుంచి చీటీ చింపి చేతికిచ్చాడు. పోయిన నెల చీటీ మీద సున్నా ఉంది. ఈ నెల వెయ్యి దాటింది.

"ఇదేందక్కా! పోయిన నెల సున్న అచ్చె. గీ నెల గింత ఎట్లచ్చె?" అని చిన్నామె అడిగింది.

"ఎండకాలం గద చెల్లె. అందరికి గట్లనే అస్తది" అన్నది పెద్దామె.

ఎండకాలంలో ఇలాంటి ముచ్చట ఏ అరుగు మీదైనా వినిపిస్తుంది. పెద్దామె చెప్పింది నిజమే. కానీ అది సగం జవాబు. మిగతా సగం గోడ మీది మీటరులో ఉంది. మీటరు నెలంతా లెక్క చెబుతూనే ఉంది. చూసి చదివినవాళ్ళు లేరు.

అంకెలు నేర్చుకున్న ఆడమనిషికి మీటరు చదవడం కష్టం కాదు. మీటరు చదవడం వస్తే ఇంటికి ఏం కొనాలో తెలుస్తుంది. ఏం కొనకూడదో కూడా తెలుస్తుంది. పైసలు అక్కడే మిగులుతాయి.

రెండు వందల గీత

తెలంగాణలో గృహజ్యోతి పథకం 2024 ఫిబ్రవరి 27న మొదలైంది. తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇళ్ళకు ఈ పథకం వర్తిస్తుంది. నెలకు 200 యూనిట్ల లోపు కరెంటు కాలిస్తే సున్నా బిల్లు వస్తుంది. కిరాయి ఇంట్లో ఉన్నవాళ్ళకు కూడా ఇది వర్తిస్తుంది.

200 దాటితే ఏమవుతుంది? దాటిన ఒక్క యూనిట్‌కే పైసలు కడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. 200 దాటితే మొత్తం యూనిట్లకు బిల్లు కట్టాలి.

లెక్క చూద్దాం. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ధరల ప్రకారం, నెలకు 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు యూనిట్‌కు 5 రూపాయల 10 పైసలు. ఆ తర్వాత 300 వరకు యూనిట్‌కు 7 రూపాయల 70 పైసలు.

ఒక ఇంట్లో 201 యూనిట్లు కాలాయి అనుకుందాం.

200 యూనిట్లకు: 1,020 రూపాయలు
1 యూనిట్‌కు: 7 రూపాయల 70 పైసలు
మొత్తం: 1,027 రూపాయల 70 పైసలు

దీనికి వేరే చార్జీలు కూడా కలుస్తాయి. 200 దగ్గర ఆగితే సున్నా. 201 అయితే వెయ్యికి పైన. ఒక్క యూనిట్ తేడా! వెయ్యి రూపాయలు సంపాదించాలంటే ఎన్ని రోజులు బీడీలు చుట్టాలి? ఆ లెక్క మీకే బాగా తెలుసు.

అందుకే 200 అనే అంకెను ఒక గీత అనుకోండి. మన ఇల్లు గీతకు ఇవతల ఉందా, అవతల ఉందా? ముందు ఇది తెలుసుకోవాలి.

యూనిట్ అంటే ఏమిటి?

బియ్యాన్ని కిలోల్లో తూస్తారు. పాలను లీటర్లలో కొలుస్తారు. కరెంటును యూనిట్లలో కొలుస్తారు.

ప్రతి కరెంటు సామాను మీద 'వాట్లు' అని ఒక అంకె రాసి ఉంటుంది. ఆ సామాను ఎంత కరెంటు తింటుందో ఆ అంకె చెబుతుంది. 1,000 వాట్ల సామాను ఒక గంట నడిస్తే ఒక యూనిట్ కాలుతుంది. 100 వాట్ల సామాను పది గంటలు నడిస్తే కూడా ఒక యూనిటే.

లెక్క ఇలా వేయాలి. వాట్లను గంటలతో గుణించాలి. వచ్చిన దాన్ని 1,000తో భాగించాలి.

పాత ఫ్యాను 75 వాట్లు ఉంటుంది. రోజుకు 16 గంటలు తిరిగింది అనుకుందాం. 75ను 16తో గుణిస్తే 1,200. దాన్ని 1,000తో భాగిస్తే 1.2. అంటే రోజుకు ఒకటింబావు యూనిట్‌కు కొంచెం తక్కువ. నెలకు 36 యూనిట్లు.

మీటరును ఎట్లా చదవాలి?

ఇప్పటి మీటర్లకు చిన్న తెర ఉంటుంది. తెర మీద అంకెలు మారుతుంటాయి. తొందరపడొద్దు. కాసేపు చూస్తూ ఉండండి. ఒక అంకె పక్కన ఇంగ్లీషులో కె, డబ్ల్యు, హెచ్ అనే అక్షరాలు వస్తాయి. అదే యూనిట్ల అంకె. చుక్కకు ముందున్న అంకెలు రాసుకుంటే చాలు.

బిల్లు కొట్టిన రోజు ఒకసారి రాసుకోండి. వారం తర్వాత మళ్ళీ రాసుకోండి. రెండో దాంట్లో నుంచి మొదటిది తీసేయండి.

మొదటి రోజు: 4,318
వారం తర్వాత: 4,365
తేడా: 47 యూనిట్లు

47ను 7 రోజులతో భాగిస్తే రోజుకు 6.7 యూనిట్లు. ముప్పై రోజులకు 201. గీత దాటుతుంది! ఈ సంగతి బిల్లు రాకముందే తెలిసిపోయింది. ఇంకా మూడు వారాల టైం ఉంది. సర్దుకోవచ్చు.

గుర్తుంచుకోవడానికి ఒక సులువైన అంకె ఉంది. రోజుకు ఆరున్నర యూనిట్లు. ఆరున్నర లోపల ఉంటే నెలకు 195. గీత దాటదు.

తలుపు వెనుక ఒక కాగితం అంటించండి. ప్రతి ఆదివారం మీటరు అంకె రాయండి. పిల్లలతో కాకుండా మీరే రాయండి. చేతికి రాత అలవాటు అవుతుంది. ఇంటి లెక్క కూడా చేతిలో ఉంటుంది.

కరెంటు ఎక్కడ పోతున్నది?

ఒక ఇల్లు ఉందనుకుందాం. ఇంట్లో నలుగురు మనుషులు. ఎండకాలం. ఆ ఇంట్లో నెలకు ఎంత కాలుతుందో చూద్దాం. ఇవి దాదాపు లెక్కలు.

ముందు గది ఫ్యాను, 16 గంటలు: 36 యూనిట్లు
లోపలి గది ఫ్యాను, 10 గంటలు: 22
60 వాట్ల పాత బుగ్గలు రెండు, 5 గంటలు: 18
పాత ట్యూబులైటు, 6 గంటలు: 9
టీవీ, 5 గంటలు: 12
ఫ్రిజ్: 36
కూలర్, 8 గంటలు: 43
నీళ్ళ మోటరు, ఒక గంట: 15
ఇస్త్రీ పెట్టె: 7
మిక్సీ: 3
మొత్తం: 201 యూనిట్లు

ఈ ఇల్లు ఒక్క యూనిట్‌తో గీత దాటింది. ఇప్పుడు ఏం చేయాలి? "కొత్త ఫ్యాన్లు కొనాలె" అని ఒకరు అంటారు. "సోలార్ పెట్టియ్యాలె" అని ఇంకొకరు అంటారు. కొత్త ఫ్రిజ్ మీద తగ్గింపు ఉందని షాపాయన చెబుతాడు.

ఆగండి. ముందు ఖర్చు లేని పని చేయాలి. తర్వాత తక్కువ ఖర్చు పని. పెద్ద ఖర్చు పని చివరికి. ఈ వరుస తప్పొద్దు.

ఖర్చు లేని పనులు

ఫ్రిజ్‌ను గోడకు ఆనించి పెట్టొద్దు. వెనుక జానెడు జాగ ఉండాలి. లోపలి వేడిని ఫ్రిజ్ వెనుక నుంచో పక్కల నుంచో బయటికి తోస్తుంది. జాగ లేకుంటే వేడి పోదు. మిషన్ ఎక్కువసేపు నడుస్తుంది. వేడి కూర లోపల పెట్టినా ఇంతే.

ఫ్రిజ్ తలుపు రబ్బరు చూడండి. ఒక పది రూపాయల నోటును తలుపు మధ్య పెట్టి మూయండి. నోటును లాగండి. సులువుగా జారి వస్తే రబ్బరు పాడైనట్టే. చల్లదనం బయటికి పోతున్నది. ముందు తడిబట్టతో రబ్బరును తుడిచి చూడండి. అయినా జారితే రబ్బరు మార్పించండి. దానికి కొత్త ఫ్రిజ్ అక్కర లేదు.

మోటరు వేసి ముచ్చట్లలో పడితే ట్యాంకు నిండి నీళ్ళు పొర్లిపోతాయి. నీళ్ళూ పోతాయి, కరెంటూ పోతుంది. ట్యాంకు ఎంతసేపట్లో నిండుతుందో ఒకసారి గడియారంలో చూసుకోండి. ఆ టైంకు బంద్ చేయండి.

టీవీని రిమోటుతో ఆపితే పూర్తిగా ఆగదు. చిన్న ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది. గోడ దగ్గర స్విచ్ బంద్ చేయాలి. ఇస్త్రీ రోజూ రెండు బట్టలకు పెట్టొద్దు. వారం బట్టలు ఒకేసారి చేయండి. పెట్టె మాటిమాటికి వేడి కావాల్సిన పని ఉండదు.

చలికాలంలో నీళ్ళు కాగబెట్టే రాడ్డు పెద్ద తిండిపోతు. 1,500 వాట్ల రాడ్డు రోజుకు గంట పెడితే నెలకు 45 యూనిట్లు. రాడ్డు బకెట్‌లో ఉన్నప్పుడు నీళ్ళలో చేయి పెట్టొద్దు. ముందు స్విచ్ బంద్ చేసి, ప్లగ్గు తీయాలి. తర్వాతే నీళ్ళు ముట్టాలి.

రెండు వందల రూపాయల పని

పై ఇంట్లో రెండు పాత బుగ్గలు ఉన్నాయి. రెండూ కలిసి నెలకు 18 యూనిట్లు తింటున్నాయి. వాటి బదులు 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు పెడితే వెలుగు అంతే ఉంటుంది. రెండూ కలిసి మూడు యూనిట్లే కాలుస్తాయి. 15 యూనిట్లు మిగులుతాయి.

201లో నుంచి 15 తీసేస్తే 186. ఇల్లు గీతకు ఇవతలికి వచ్చింది! ఒక్కో బల్బు వంద రూపాయలు అనుకున్నా ఖర్చు 200. ఆ నెలలోనే వెయ్యి రూపాయల బిల్లు తప్పింది.

ఎల్ఈడీ బల్బులు మొదట్లో చాలా పిరం ఉండేవి. 2015 జనవరి 5న ప్రభుత్వం ఉజాలా అనే పథకం పెట్టింది. బల్బులను పెద్ద మొత్తంలో కొన్నది. 2014లో ఒక్కో బల్బుకు ప్రభుత్వ సంస్థ పెట్టిన కొనుగోలు ధర 310 రూపాయలు. 2016కు అది 38 రూపాయలకు దిగింది. కలిసి కొంటే ధర దిగుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. ముందుముందు పనికొస్తుంది.

గూన పెంకుల ఇల్లు అయితే ఇంకో చిన్న ఉపాయం ఉంది. నడుమ ఒకటి రెండు గాజు పెంకులు పెట్టించండి. పగలు లైటు వేయకుండానే వెలుగు వస్తుంది. ఆకు కత్తిరించేటప్పుడు కళ్ళకు శ్రమ తగ్గుతుంది.

ఇల్లు చల్లబడాలంటే

సిరిసిల్లలో సాంచాల చప్పుడు లేని వాడ అరుదు. మగవాళ్ళు సాంచాలు నడుపుతారు. ఆడవాళ్ళు కండెలు చుడతారు, బీడీలు చేస్తారు. మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పై స్లాబు పొద్దంతా కాగుతుంది. రాత్రంతా ఆ వేడి ఇంట్లోకి దిగుతుంది. రేకుల ఇంట్లో పగలు కూర్చోవడమే కష్టం.

బీడీలు చేసే ఆడవాళ్ళకు ఇంకో కష్టం ఉంది. ఫ్యాను వేస్తే తడిపిన ఆకు ఎండిపోతుంది. తంబాకు ఎగురుతుంది. ముక్కులోకి, కళ్ళలోకి పోతుంది. అందుకని ఉక్కలోనే పని చేసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు పెద్ద ఫ్యాను కంటే చల్లని కప్పు ఎక్కువ మేలు చేస్తుంది.

నల్ల చీర కట్టుకొని ఎండలో నిలబడితే ఒళ్ళు కాలుతుంది. తెల్ల చీర అయితే అంత కాలదు. ఇంటి కప్పు కూడా అంతే. తెల్లని రంగు ఎండను వెనక్కి తిప్పికొడుతుంది.

2017లో హైదరాబాద్‌లోని దేవరకొండ బస్తీలో పేదల ఇళ్ళ మీద తెల్లని పొర పరిచి చూశారు. ఆ ఇళ్ళ లోపల సగటున 2 డిగ్రీల వేడి తగ్గింది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది.

మనకు దొరికే తెల్ల రంగు సున్నం. శివరాత్రి పోయిందంటే ఎండలు మొదలు. ఆ లోపలే పని చేసుకోవాలి. స్లాబును ఊడ్చి, కడిగి, ఆరనివ్వాలి. సున్నంలో కొంచెం బంక కలిపితే గట్టిగా పట్టుకుంటుంది. రెండు మూడు పూతలు వేయాలి. ఒక పూత ఆరిన తర్వాతే ఇంకో పూత. వానలకు సున్నం కొట్టుకుపోతుంది. అందుకే ఏటా వేయాలి.

జాగ్రత్తలు మరవొద్దు. సున్నపు రాళ్ళు నీళ్ళలో వేస్తే సలసల కాగుతాయి. పలుచని ప్లాస్టిక్ బకెట్ వాడొద్దు. పిల్లలను దగ్గరికి రానివ్వొద్దు. కళ్ళలో పడితే వెంటనే మంచినీళ్ళతో చాలాసేపు కడిగి దవాఖానకు పోవాలి.

సిమెంటు రేకుల మీద కాలు పెట్టొద్దు. విరిగి కింద పడతారు. నిచ్చెన వేసి, పలక మీద నుంచి పని తెలిసిన మనిషితో వేయించాలి. పాత సిమెంటు రేకులను పొడిగా గీకొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. రేకుల మీద సొర తీగనో, బీర తీగనో పాకించినా నీడ వస్తుంది. కూరకు కాయలూ వస్తాయి.

కప్పు చల్లబడితే కూలర్ రెండు గంటలు తక్కువ నడిచినా చాలు. నెలకు 11 యూనిట్లు మిగులుతాయి. మన లెక్కలో ఇల్లు 186 నుంచి 175కు దిగుతుంది.

సిరిసిల్లలో ఇంకో మాట. సాంచాల కరెంటు వేరు, ఇంటి కరెంటు వేరు. ఇంటి మీటరుకు సాంచా వైరు కలపరాదు. యూనిట్లు ఒక్కసారిగా పెరుగుతాయి. నేరం కూడా అవుతుంది.

ఫ్యాను కొనాలా? వద్దా?

ఇప్పుడు తక్కువ కరెంటు తినే ఫ్యాన్లు వచ్చాయి. షాపుల్లో వీటిని బీఎల్‌డీసీ ఫ్యాన్లు అంటారు. పాత ఫ్యాను 75 వాట్లు అయితే ఇవి దాదాపు 30 వాట్లు. రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు 21 యూనిట్లు మిగులుతాయి. ధర రెండున్నర వేల నుంచి మూడు వేల వరకు ఉంటుంది.

మంచిదే. అయితే అందరూ కొనాలా? మూడు ఇళ్ళు చూద్దాం.

మొదటి ఇల్లు నెలకు 150 యూనిట్లు కాలుస్తుంది. గృహజ్యోతి ఉంది. బిల్లు సున్నా. కొత్త ఫ్యాను కొంటే 129 అవుతుంది. బిల్లు అప్పుడూ సున్నానే. చేతికి ఒక్క రూపాయి మిగలదు. ఈ ఇంటివాళ్ళు ఉన్న ఫ్యాను నడిచినంత కాలం నడుపుకోవచ్చు.

రెండో ఇల్లు 215 యూనిట్లు కాలుస్తుంది. రేషన్ కార్డు ఉంది, కానీ గీత దాటింది. బల్బులన్నీ ముందే మార్చారు. ఖర్చు లేని పనులూ చేశారు. ఈ ఇంట్లో ఒక్క ఫ్యాను మారిస్తే 194కు దిగుతుంది. నెలకు వెయ్యికి పైన మిగులుతుంది. మూడు నెలల్లో ఫ్యాను ఖర్చు తిరిగి వస్తుంది. ఈ ఇంటివాళ్ళు కొనాలి.

మూడో ఇంటికి గృహజ్యోతి లేదు. నెలకు 190 యూనిట్లకు బిల్లు కడుతుంది. ఈ ఇంటికి వంద దాటిన యూనిట్‌కు 4 రూపాయల 80 పైసలు. 21 యూనిట్లు మిగిలితే నెలకు వంద రూపాయలు. 2,700 పెట్టి కొంటే తిరిగి రావడానికి 27 నెలలు పడుతుంది. ఫ్యాను అంతకంటే ఎక్కువ కాలమే పనిచేస్తుంది. కాబట్టి నష్టం లేదు. కానీ మిత్తికి అప్పు తెచ్చి కొంటే మిగిలింది మిత్తికే పోతుంది. పాత ఫ్యాను పాడైనప్పుడు దాని బదులు ఇది కొనుక్కుంటే చాలు.

ఒకే ఫ్యాను. ఒక ఇంటికి లాభం. ఒక ఇంటికి తొందర లేదు. ఒక ఇంటికి అక్కరే లేదు. ఈ తేడా షాపాయన చెప్పడు. మీ మీటరు చెబుతుంది.

కొనేటప్పుడు అట్టపెట్టె మీద నక్షత్రాల గుర్తు చూడండి. ఎక్కువ నక్షత్రాలు ఉంటే తక్కువ కరెంటు తింటుంది. 2023 జనవరి నుంచి సీలింగు ఫ్యాన్లకు ఈ గుర్తు తప్పనిసరి. ఫ్రిజ్ మీది గుర్తులో ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో కూడా రాసి ఉంటుంది. దాన్ని 12తో భాగిస్తే నెల లెక్క వస్తుంది. గ్యారంటీ కార్డు మీద తేదీ రాయించి, షాపు ముద్ర వేయించుకోండి.

ఇంట్లో పాత డబ్బా రెగ్యులేటరు ఉంటే ఫ్యాను మెల్లగా తిరిగినా కరెంటు పెద్దగా మిగలదు. మిగిలిన కరెంటు ఆ డబ్బాలోనే వేడిగా పోతుంది. కొత్త చిన్న రెగ్యులేటరు అయితే మిగులుతుంది.

సోలార్ ఎవరికి?

జగిత్యాల పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ళు చాలామంది. వాళ్ళు పంపిన పైసలతో స్లాబు ఇళ్ళు లేచాయి. కొన్ని ఇళ్ళలో ఏసీ వచ్చింది. బిల్లు కూడా లేచింది. అక్కడ ఎడారిలో చెమటోడ్చిన పైసలు ఇక్కడ కరెంటుకు పోతే ఏం లాభం?

ఒక ఇల్లు నెలకు 320 యూనిట్లు కాలుస్తుంది అనుకుందాం. బిల్లు దాదాపు 1,970 రూపాయలు. ఇలాంటి ఇల్లు సోలార్ గురించి ఆలోచించవచ్చు.

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పీఎం సూర్యఘర్ పథకం మొదలుపెట్టింది. ఇందులో ఒక కిలోవాట్‌కు 30,000 రూపాయలు, రెండు కిలోవాట్లకు 60,000, మూడు అంతకంటే ఎక్కువకు 78,000 సబ్సిడీగా నిర్ణయించారు.

ఒక కిలోవాట్ పలకలు రోజుకు దాదాపు 4 యూనిట్లు ఇస్తాయి. రెండు కిలోవాట్లు అయితే నెలకు 240. 320లో 240 పోతే మిగిలేది 80 యూనిట్లు. 1,970 బిల్లు 190కి దిగుతుంది. నెలకు 1,780 మిగులు. పలకలకు, బిగింపుకు 1,30,000 అయింది అనుకుందాం. సబ్సిడీ 60,000 పోతే సొంత ఖర్చు 70,000. దాదాపు 40 నెలల్లో తిరిగి వస్తుంది. పలకలు ఇరవై ఏళ్ళకు పైన పనిచేస్తాయి.

కానీ సున్నా బిల్లు వచ్చే ఇంటికి సోలార్‌తో ఏమీ మిగలదు. అలాంటి ఇంటికి వచ్చి ఎవరైనా "సబ్సిడీ ఇప్పిస్త, ముందు పైసలియ్యి" అంటే నమ్మొద్దు. సబ్సిడీ పలకలు బిగించిన తర్వాత నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. దానికి మధ్యవర్తి అక్కర లేదు. పథకంలో నమోదైన కంపెనీయేనా అని కరెంటు ఆఫీసులో అడగండి. చదవని కాగితం మీద సంతకం పెట్టొద్దు.

కలిసి కొంటే చవక

1970లో సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘం ఏర్పడింది. అందరూ దాన్ని 'సెస్' అంటారు. కరెంటు వాడుకునే జనమే దాని సభ్యులు. పాలకవర్గాన్ని సభ్యులే ఓటు వేసి ఎన్నుకుంటారు. పల్లె జనం కలిస్తే కరెంటు కంపెనీనే నడపవచ్చని ఇది చూపించింది. సభ్యత్వం ఉన్న ఆడవాళ్ళు సభకు పోవచ్చు. బిల్లు గురించి, లైన్ల గురించి అడగవచ్చు. జగిత్యాల, కోరుట్లలకు కరెంటు ఇచ్చేది ఉత్తర విద్యుత్ సంస్థ. అక్కడ ఫిర్యాదు చేయడానికి 1912 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

కలిసి కొనే పని మహిళా సంఘం కూడా చేయవచ్చు. సంఘంలో పది మంది ఉంటే పది మందికీ బల్బులు కావాలి. ముగ్గురు నలుగురికి ఫ్యాన్లు కావాలి. ఎవరికి ఏది అవసరమో మీటరు చూసి రాసుకోండి. మూడు షాపులకు పోయి ధర అడగండి. "ఇరవై బల్బులు తీసుకుంటం. ఎంతకిస్తవు?" అని అడిగితే జవాబు వేరే ఉంటుంది. సున్నం కూడా అంతే. పది ఇళ్ళకు ఒకేసారి తెస్తే బండి కిరాయి పంచుకోవచ్చు.

సంఘం అప్పు తీసుకునే ముందు రెండు అంకెలు పక్కపక్కన రాయండి. నెలకు మిగిలేది ఎంత? నెలకు కట్టే కిస్తు ఎంత? మిగిలేది ఎక్కువ ఉంటేనే తీసుకోండి.

రేషన్ కార్డు ఉండి కూడా సున్నా బిల్లు రాకుంటే ఊరుకోవద్దు. పల్లెవాళ్ళు మండల పరిషత్ ఆఫీసులో, పట్నంవాళ్ళు మున్సిపల్ ఆఫీసులో అడగండి. రేషన్ కార్డు, ఆధార్ కార్డు, కరెంటు బిల్లు వెంట తీసుకుపోండి. దరఖాస్తు ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.

వచ్చే నెల బిల్లు అబ్బాయి మళ్ళీ వస్తాడు. ఆయన మిషన్ తీయకముందే మీరు తలుపు వెనుక కాగితం చూడండి. "గీ నెల నూట ఎనభై ఆరు" అని మీరే చెప్పండి. ఆయన చీటీ మీద కూడా అదే అంకె రావాలి. రాకుంటే ఎందుకు రాలేదో అడగండి. అంకెలు వచ్చిన మనిషికి అడిగే హక్కు, అడిగే ధైర్యం రెండూ ఉంటాయి.

ఆలోచించండి – చేయండి

1. మీ మీటరులో ఈ రోజు అంకె ఎంత? రాయండి.

2. వారం తర్వాత మళ్ళీ చూడండి. తేడా ఎంత? రోజుకు ఎన్ని యూనిట్లు?

3. మీ ఇల్లు 200 గీతకు ఇవతల ఉందా, అవతల ఉందా?

4. మీ ఇంట్లో పాత బుగ్గలు ఎన్ని? అవి మారిస్తే ఎన్ని యూనిట్లు మిగులుతాయి?

5. 40 వాట్ల సామాను రోజుకు 5 గంటలు నడిస్తే నెలకు ఎన్ని యూనిట్లు? (జవాబు: 6)

6. మీ సంఘంలో ఎవరెవరికి ఏమేమి కావాలి? పేరు, వస్తువు, ధర మూడు వరుసల్లో రాయండి.